అన్నం తగ్గించండి, పస్తు ఉండకండి
చోడవరం అంటే చెరకు. గోవాడ చక్కెర కర్మాగారం మనదే, అనకాపల్లి బెల్లం పక్కనే. ఇక అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి చోట అన్నం, తీపి మానడం చిన్న విషయం కాదు. మానేవాళ్లను నేను మెచ్చుకుంటాను.

వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి తెలుగువాళ్లందరూ విన్నదే. అందులో పిండిపదార్థాలు బాగా తగ్గిస్తారు. బదులుగా కొబ్బరినూనె, నెయ్యి లాంటి కొవ్వు తీసుకోమంటారు. కొందరు మొదటి సగమే పాటిస్తారు. అన్నం మానేస్తారు. నూనెకు భయపడి అదీ తగ్గిస్తారు. మరి ఒంటికి శక్తి ఎక్కడినుంచి వస్తుంది?

నీరసం వస్తుంది. తల తిరుగుతుంది. కొన్ని నెలలకు జుట్టు రాలుతుంది. తూకం తగ్గుతుంది, నిజమే. కానీ మొదటి వారం పోయేది ఎక్కువగా నీరే. తిండి మరీ తగ్గితే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది.

అన్నం తగ్గించండి, పస్తు ఉండకండి. కంచంలో ఆ చోట గుడ్డు, చేప, కోడికూర పెట్టుకోండి. శాకాహారులైతే పనీర్, పెరుగు, గుప్పెడు వేరుశనగ గుళ్లు. పక్కన తోటకూర, బీరకాయ, సరిపడా నూనె. చెరకు నరికే మనిషికి, కుర్చీలో కూర్చునే మనిషికి ఒకే కొలత సరిపోదు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఒకటి వినండి. మందు మోతాదు మార్చకుండా అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా ముందు డాక్టరును అడగండి. ఆ తర్వాతే మొదలుపెట్టండి.