అతుకు కనబడని పటము



హుస్సేన్ సాగరపు కట్టమీద నిలిచి ఆ జలమునంతను చూడవలెనన్న మనము మెడ త్రిప్పవలసినదే. ఛాయాచిత్ర యంత్రమునకు మెడ లేదు. కావున విశాలమైన దృశ్యమును ముక్కలుగా పట్టి యొక్కటిగా కూర్చుట ఆ విద్య పుట్టిన తొలినాళ్లనుండియు నున్నది. ఫెలీచే బియాటో యను చిత్రకారుడు 1858లో ఢిల్లీ జుమ్మా మసీదునుండి ఆ నగరము నిట్లే పెక్కు పలకలపై గ్రహించి వరుసగా కూర్చెను.

మన సికింద్రాబాదున 1880ల దశకములో చిత్రశాల నెలకొల్పిన రాజా దీన్ దయాళు పేరు మీరు వినియేయుందురు. ఆయన ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. రూర్కీలో ఇంజనీరింగు చదివిన వాడగుటచే నేల మట్టము చూచుట యెరిగినవాడు. ఆనాటివారు బరువైన గాజుపలకలతో పనిచేసిరి. కూర్పు పనికి కత్తెరయు జిగురును సాధనములు. ముక్కకు ముక్కకు కొంతభాగము ఉమ్మడిగా నుండవలెను; వెలుగు మారకమునుపే పని ముగియవలెను; గోడ యంచువెంటనో చెట్టు మొదలు వెంటనో కత్తిరించినచో అతుకు దాగును.

అన్నింటికంటె సూక్ష్మమైన దొకటి కలదు. ఒక కన్ను మూసి, జానెడు దూరమున వ్రేలు నిలిపి, దానిని దూరపు తాటిచెట్టుతో సరిచూడుడు. వ్రేలు కదపక తల మాత్రము త్రిప్పుడు. వ్రేలు చెట్టునుండి తొలగినట్లగును! తల త్రిప్పినపుడు కన్నును చోటు మారుటయే కారణము. యంత్రమును గూడ కటకమున్న చోటనే త్రిప్పవలెను; లేనిచో దగ్గరి స్తంభము రెండు ముక్కలలో రెండుచోట్ల నిలిచి యెంత జిగురు పూసినను కలియదు.

నేడు చేతి ఫోనే యీ పనియంతయు చేయుచున్నది. రెండు ముక్కలలోని సమానమైన గురుతులను గణించి పట్టుకొని, వెలుగును సరిచేసి, అతుకును మాపివేయును. చూచుటకు ముచ్చటయే. కాని చెరువు శిఖమునకు హద్దు తగవు వచ్చినపుడు అట్టి పటమును పంచాయతీ ముందుంచువారు ఒక మాట వినవలెను. తిన్నని కట్ట అందులో విల్లువలె వంగి కనబడును. నడచిపోవు మనిషి రెండుచోట్ల కనబడవచ్చును, లేదా సగమే మిగులవచ్చును. అతుకు దాగినకొలదియు ఈ తేడా ఎక్కడనున్నదో తెలియుట కష్టము. అట్టి పటముమీద కొలబద్ద పెట్టి గజములు లెక్కించుట తగదు.

కావున కూర్చిన పటముతోపాటు విడివిడి ముక్కలను గూడ దాచుడు. ఒక్కొక్కదాని వెనుక తేదీ, వేళ, నిలిచిన చోటు వ్రాయుడు. దూరములకు మాత్రము గొలుసు పట్టించుడు.