పూలలోయకు కాలినడక

ఉత్తరాఖండ్‌లోని పూలలోయలో వీపుమూటతో వెడలి, పూల నడుమ గుడారము వేసికొనవలెనని చాలమంది యాత్రికులు కోరుదురు. నేనును అట్లే తలచితిని. 1937లో ఫ్రాంక్ స్మైత్‌కు అది చెల్లినది. లోయ 1982లో జాతీయోద్యానమైనది. నేడచట రాత్రి బస నిషిద్ధము.

కావున మూట ఘాంఘరియా వరకే. పుల్నా నుండి సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు. ఆ ఒక్క దినము బరువు తప్పదు. 3,000 మీటర్లు దాటిన ఆ ఊర మూట దించి, ఉదయమున నీళ్ళు, రొట్టె, వానకోటు, చేతికఱ్ఱ మాత్రము గొని వెడలి, సాయంకాలమునకు తిరిగి రావలెను.

ఏ దిక్కునకు ముందు పోవలెననుటయే అసలు ప్రశ్న. లోయ ఘాంఘరియా కంటె కొంచెమే ఎత్తు. హేమకుండ సరస్సో 4,300 మీటర్ల చేరువ. నేను తొందరపడి మొదటినాడే హేమకుండమునకు బయలుదేరితిని. సగము దారిలో తలనొప్పి, వాంతులు మొదలయ్యెను. ఇంకొంచెమేగదా యని నేను మొండికెత్తగా, తోడివారు వినక క్రిందికి దింపిరి. ఆ జబ్బునకు దిగుటయే మొదటి చికిత్స. లోయను ముందు చూచి, ఘాంఘరియాలో రెండు రాత్రులు నిద్రించి, పిదప ఎక్కవలసినది.

జూలై, ఆగస్టులు పూలకాలము, వానకాలమును అదియే. ఒక జత పొడి మేజోళ్ళు బసలోనే విడిచి పొండు.