జీతం లేని పనేమిటని తిప్పి పంపినాం

మేము కాంచీపురం నేతగాళ్లం.

విదేశీ వ్యవహారాల సంస్థల్లో ఉద్యోగాలు, ఇంటర్న్‌షిప్‌ల గురించి ఎనిమిదో తరగతి చదివిన మేము మాట్లాడడమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఈ విషయం మేమే అడిగి తీసుకున్నాం. ఎందుకో చెప్తాం.

మూడేళ్ల కింద మా సొసైటీ సభ్యుడొకాయన చేతిలో కాగితంతో ఆఫీసుకు వచ్చినాడు. "అన్నా, పాపకు ఢిల్లీలో రెండు నెలల పని వచ్చింది. గదికి, తిండికి, రైలుకు కలిపి నలభై వేలు కావాలి, సొసైటీ అప్పుగా ఇయ్యాలి" అన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. మా గుమాస్తా చదివి, థింక్ ట్యాంక్ అని చెప్పినాడు. ట్యాంకంటే మాకు తెలిసింది వీధి చివర నీళ్ల ట్యాంకే. జీతం లేదు, బస లేదు, ఆఖర్న సర్టిఫికెట్ ఇస్తారట. "జీతమియ్యని చోటికి అప్పు చేసి పోవడమేమిటి తమ్ముడూ" అన్నాం. కమిటీలో అందరిదీ అదే మాట. చదువు నిధి ఇంజనీరింగు, నర్సింగు ఫీజులకే అని రూలు కూడా చూపించినాం. ఆయన మారు మాట్లాడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు. పాప ఢిల్లీ పోలేదు. ఎం.ఏ. అయినాక చెన్నైలో ఒక కంపెనీలో బిల్లుల పనికి చేరింది.

ఇక పట్టు సంగతి. 2021 బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి 15 శాతం చేసినారు. పట్టు ధర పెరిగిన ప్రతిసారీ సుంకం తగ్గించాలని మేము అర్జీలు పెడుతూనే ఉన్నాం. పోయినేడు ఒక అధికారి దయతో కూర్చోబెట్టి అడిగినాడు: "పట్టుపురుగులు పెంచే రైతులు సుంకం ఉండాలంటున్నారు. వాళ్ల దగ్గర లెక్క ఉంది. మీ లెక్కేది? చీరకు ఎంత పట్టు పడుతుంది, ధర పెరిగినాక కూలీలో ఎంత తగ్గింది, ఎన్ని మగ్గాలు ఆగినాయి?" మా దగ్గర పాసుబుక్కులున్నాయి, చీటీలున్నాయి, యాభై ఏళ్ల రిజిస్టర్లున్నాయి. లెక్క మాత్రం లేదు. నోరు మూసుకొని వచ్చేసినాం.

వచ్చి ఎవరింటికి పోయినామో మీకు చెప్పక్కరలేదు. ఆ పాప నాలుగు ఆదివారాలు మా ఆఫీసులో కూర్చుంది. పట్టు కొన్న బిల్లులన్నీ నెలవారీగా తీసి, చైనా నుంచి దిగుమతి ఎంత, ఇక్కడ ధర ఎంత, సభ్యుడికి ఇచ్చిన కూలీ ఎంత అని రెండు పేజీల పట్టిక వేసింది. బాగా చేసినావమ్మా అంటే, "పెదనాన్నా, ఢిల్లీలో నాకు ఇస్తామన్న పని ఇదే" అంది. కోపంగా అనలేదు. అందుకే మాకు మరీ కష్టమైంది.

ఆ సంస్థల్లో ఏం చేస్తారో తర్వాత ఆమె దగ్గరే కూర్చొని తెలుసుకున్నాం. మన దేశానికి ఇతర దేశాలతో ఒప్పందాలు, వర్తకం, సరిహద్దు తగాదాలు చదివి సర్కారుకు, పత్రికలకు నివేదికలు రాస్తారు. ఇంటర్న్‌గా పోయిన పిల్లలు లెక్కలు తీస్తారు, పెద్దలు రాసినదానిలో తప్పులు చూస్తారు, సభల్లో నోట్సు రాసుకుంటారు. ఎం.ఏ. చదివినవాళ్లను రీసెర్చ్ అసిస్టెంట్లుగా తీసుకుంటారు. పై మెట్లలో డాక్టరేటు ఉన్నవాళ్లు, రిటైరైన రాయబారులు ఉంటారు. లైబ్రరీ, అకౌంట్లు, ఎడిటింగు పనులూ ఉంటాయి. పర్మనెంటు ఉద్యోగాలు తక్కువ, ఎక్కువ భాగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఇది దాచిపెట్టి ఆశ చూపడం తప్పు. సంస్థ ఎవరి సొమ్ముతో నడుస్తుందో కూడా పిల్లలు ముందే కనుక్కోవాలి. సర్కారు సొమ్ము కావచ్చు, కంపెనీలది కావచ్చు, విదేశీ ఫౌండేషన్లది కావచ్చు. పడుగు ఎవరు పోసినారో తెలియకుండా మగ్గం ఎక్కము కదా.

ఢిల్లీలో సప్రూ హౌస్ అని ఉంది. అక్కడి ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ 1943లో మొదలైంది, 2001లో పార్లమెంటు దానికి చట్టం చేసింది, ఉపరాష్ట్రపతిగారే అధ్యక్షులు. వర్తకం లెక్కలకైతే 1983 నుంచి ఉన్న ఆర్‌ఐఎస్ మనకు దగ్గరి సంస్థ. మహారాష్ట్ర వాళ్లకు ముంబైలో గేట్‌వే హౌస్, కర్ణాటక వాళ్లకు బెంగళూరులో తక్షశిల ఉన్నాయి. మాకు చెన్నైలో చైనా సంగతులు చదివే సెంటరే ఉంది. పట్టు చైనా నుంచి వస్తుందని తెలిసిన మాకు, పక్క ఊళ్లో దాని మీద చదివేవాళ్లున్నారని ఇన్నేళ్లూ తెలియలేదు! విదేశాంగ శాఖ తనే పెట్టిన ఇంటర్న్‌షిప్ వేరే. అందులో రాష్ట్రాలవారీగా చోటు ఇస్తారు, నెలకు 10,000 రూపాయలు, ప్రయాణం ఖర్చు ఇస్తారు. యానాం పిల్లలు పుదుచ్చేరి లెక్కలోకి వస్తారు, వదులుకోవద్దు. ఫీజు కట్టు, ఇంటర్న్‌షిప్ ఇస్తామనేవాళ్లు మాత్రం తిరుగుతున్నారు, వాళ్లకు పైసా ఇయ్యవద్దు.

దరఖాస్తుతో పాటు చాలాచోట్ల సొంతంగా రాసిన రెండు మూడు పేజీలు అడుగుతారు. అక్కడ మన పిల్లలు భయపడతారు, మాకు ఇంగ్లీషు సరిగా రాదని. ఇంగ్లీషు దిద్దుకోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేస్తే, మగ్గమున్న ఇంట్లో పుట్టిన పిల్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? అది రాయమనండి. నాన్న పాసుబుక్కు ముందర పెట్టుకొని రాయమనండి.

పోయిన నెల మా కమిటీ రూలు మార్చింది. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు పోయే పిల్లలకు బస, తిండి, రైలు ఖర్చు చదువు నిధి నుంచి ఇస్తాం, అప్పుగా కాదు, ఊరికే. ఏడాదికి ఇద్దరికి. మా సొసైటీ 25,000 పక్కన పెట్టింది. అది ఒక్కరికే చాలదు. సమాఖ్యలోని మిగతా సొసైటీలు ఎంత వేస్తాయో ఈ సాయంత్రం కోశాధికారిగారికి చెప్పండి. దరఖాస్తు తెల్లకాగితం మీద చాలు, తండ్రిది గానీ తల్లిది గానీ సభ్యత్వ నంబరు వేయాలి. తెలుగులో రాసినా, తమిళంలో రాసినా, మరాఠీ, కన్నడ, ఒడియాలో రాసినా తీసుకుంటాం. వాటిని చదివి ఎంచడానికి ఆ పాప ఒప్పుకుంది. ఆమె పేరు చెప్పొద్దంది, చెప్పడం లేదు.