క్యాష్ అంటే డబ్బు కాదు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



కంప్యూటర్‌లో సి డ్రైవు పక్కనున్న నీలం పట్టీ కాస్తా ఎర్రబడి, "చోటు లేదు" అని చెప్పడం మొదలుపెట్టగానే మన ఇళ్ళలో వినిపించే మాటలు రెండే. "ఆ ఫొటోలన్నీ తీసిపారెయ్" అనేది ఒకటి. "ఇది పాతబడింది, కొత్తది కొనాల్సిందే" అనేది రెండోది. పెళ్ళి ఫొటోలూ, పిల్లల అన్నప్రాశన వీడియోలూ తీసెయ్యడానికి మనకు చేతులు రావు. కొత్తది కొందామంటే నలభై యాభై వేల మాట. ఈ రెంటిలో దేనికీ ఒప్పుకోకముందు మనం చూడవలసిన చోటు ఇంకొకటుంది. దాన్నే క్యాష్ అంటారు.

పలకడానికి డబ్బులాగే ఉన్నా ఇది డబ్బు కాదు సుమండీ. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 1968లో ఐబీఎం వారు ప్రకటించిన ఒక పెద్ద కంప్యూటర్‌లో, తరచూ కావలసిన అంకెలను చేతికందేటట్టు పెట్టుకునే చిన్న జ్ఞాపకశక్తికి ఈ పేరు పెట్టారు. ఆ తరువాత ఈ పద్ధతి డిస్కులకూ, బ్రౌజర్లకూ, ఫోన్లకూ పాకింది.

దీని పని మనకు కొత్తదేమీ కాదు. పొయ్యి పక్కన పోపుల పెట్టె ఉంటుంది గదా! ఆవాలూ జీలకర్రా పెద్ద డబ్బాల్లో సామాన్ల గదిలో ఉంటాయి. ప్రతి తాలింపుకీ అక్కడిదాకా పరుగెత్తలేక కొంచెం కొంచెం తెచ్చి పెట్టెలో పోసుకుంటాం. మీరు రోజూ చూసే వెబ్‌సైటు తాలూకు బొమ్మలను బ్రౌజరు కూడా అలాగే మీ డిస్కులో పోసుకుంటుంది, మళ్ళీ మళ్ళీ ఇంటర్నెట్ నుంచి తెప్పించకుండా. పోపుల పెట్టె బోర్లించినా పెద్ద డబ్బాలో సరుకు ఉంటుంది. మరుసటి తాలింపు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. అదే ఆవకాయ జాడీ బోర్లించామనుకోండి, మళ్ళీ వేసవి దాకా ఆగాలి. మీ ఫొటోలూ, మీరు టైపు చేసుకున్న ఉత్తరాలూ, ఇంటి లెక్కలూ జాడీలాంటివి. ఏది పెట్టో ఏది జాడీయో తెలిస్తే ఈ పనిలో భయపడాల్సిందేమీ లేదు.

మరి ఈ పెట్టె డిస్కును మింగేసేంతగా ఎందుకు పెరుగుతుంది? బ్రౌజర్లు ఫరవాలేదు, తమకు తామే ఒక హద్దు పెట్టుకుని, నిండగానే పాతవి తీసేస్తాయి. హద్దు తెలియనివి వేరే ఉన్నాయి. ముఖ్యంగా వీడియోలు దిద్దే ప్రోగ్రాములు. మా కాలనీలో ఒకావిడ వంటల వీడియోలు చేస్తారు. గుత్తివంకాయ దగ్గర్నుంచి బొబ్బట్ల దాకా అన్నీ ఆవిడే తీసి, ఆవిడే ఎడిట్ చేసుకుంటారు. సంవత్సరం తిరక్కుండానే డిస్కు నిండింది. బాగుచేసే దుకాణానికి తీసుకువెళితే మొత్తం తుడిచేసి మళ్ళీ పెట్టాలన్నారట. ఆవిడ కంగారుగా వచ్చి, "వదినగారూ, రెండేళ్ళ వీడియోలు పోతాయేమో!" అన్నారు.

చూస్తే, ఆవిడ వీడియోలు డిస్కులో సగం కూడా లేవు. మిగతా చోటులో సింహభాగం ప్రీమియర్ అనే ఆ ఎడిటింగ్ ప్రోగ్రాము పోగుచేసుకున్న మీడియా క్యాష్‌దే. వీడియో పెట్టినప్పుడల్లా అందులోని శబ్దాన్ని తనకు వీలైన రూపంలోకి మార్చి, ఆ శబ్దం గీతలను కూడా విడిగా రాసి దాచుకుంటుంది. ఆ వీడియో పని అయిపోయి, యూట్యూబులో పెట్టి, చూసినవాళ్ళు మెచ్చుకున్నా సరే, ఈ తునకలు మాత్రం కదలవు. పైగా అవి ఉండేది యాప్‌డేటా అనే సంచికలో. విండోస్ దాన్ని మామూలుగా కంటికి కనిపించనివ్వదు. అందుకే ఎవరూ అటు చూడరు. ప్రోగ్రాములోనే ఎడిట్, ప్రిఫరెన్సెస్, మీడియా క్యాష్ అని ఉంటుంది. అక్కడి డిలీట్ మీట నొక్కితే చాలు. అసలు వీడియోల జోలికి అది పోదు. పాత పని మళ్ళీ తెరిస్తే ఆ తునకలు కొత్తగా తయారవుతాయి, కాసేపు పడుతుంది. ఇన్ని రోజులు దాటినవాటిని తనంతట తానే తీసెయ్యమని చెప్పే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. ఆవిడ అది పెట్టుకున్నారు. కంప్యూటర్ తుడవవలసిన పని లేకపోయింది.

ఎడిటింగ్ చెయ్యని ఇళ్ళ సంగతి చూద్దాం. విండోస్ 10లో గాని 11లో గాని సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ లోకి వెళ్ళి, స్టోరేజ్ నొక్కండి. దేనికెంత చోటు పోయిందో పట్టీలుగా కనిపిస్తుంది. అందులో టెంపరరీ ఫైల్స్ అని ఉంటుంది. అది తెరిస్తే ఒక జాబితా, పక్కన టిక్కు పెట్టే గళ్ళూ వస్తాయి. తాత్కాలిక ఇంటర్నెట్ ఫైళ్ళు, బొమ్మల చిన్న నకళ్ళు, విండోస్ అప్‌డేట్ మిగిల్చినవి, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్ళు, ఇవన్నీ నిస్సంకోచంగా తీసెయ్యవచ్చు. విండోస్ పాత రకం నుంచి కొత్తదానికి మారి ఉంటే, పాతది కూడా కొన్నాళ్ళు అక్కడే ఉంటుంది. మామూలుగా పది రోజులకు అదే పోతుంది. ఈలోగా తీసేస్తే మాత్రం వెనక్కి మారే దారి ఉండదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంది. అది క్యాష్ కాదు! కరెంటు బిల్లు రసీదు, పిల్లవాడి హాల్ టికెట్టు, అమెరికా నుంచి కూతురు పంపిన ఫొటోలు అందులోనే ఉంటాయి. చెత్త జాబితా మధ్యలో దాన్ని ఎందుకు పెట్టారో గాని, నాకది మంచి పద్ధతిగా తోచదు. తొందరలో అన్నిటికీ టిక్కులు కొట్టుకుంటూ పోతే అవీ పోతాయి, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకవు. ఆ గడి ఖాళీగా వదలండి. రీసైకిల్ బిన్ గడిని కూడా, ముందు బిన్ తెరిచి చూసుకున్నాకే నొక్కండి.

బ్రౌజరు సంగతికొస్తే, క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కితే తుడిచే కిటికీ వస్తుంది. బొమ్మలూ ఫైళ్ళూ అన్న గడికి మాత్రమే టిక్కు ఉంచండి. కుకీలకు కూడా టిక్కు పెడితే ప్రతి సైటులోనూ మళ్ళీ పాస్‌వర్డు కొట్టాలి. అది గుర్తులేక అవస్థపడేది మనమే. ఇది రోజూ చెయ్యవలసిన పని కూడా కాదు. రోజూ పోపుల పెట్టె కడిగి ఆరబెట్టుకుంటే వంట ఎప్పుడు చేస్తాం?

సి డ్రైవులో విండోస్ అన్న సంచికలోకి స్వయంగా వెళ్ళి, "ఇది పెద్దదిగా ఉంది" అని ఏదీ తీయకండి. అందులో పెద్దవి ఉంటాయి, ఉండాలి కూడా. అలాగే "మీ కంప్యూటర్ నిండా చెత్త ఉంది, ఇది నొక్కండి" అని తెరమీద ఊగే ప్రకటనలను నమ్మకండి. 2017లో సీక్లీనర్ అనే పేరున్న శుభ్రపరిచే ప్రోగ్రాములోకే దొంగలు చొరబడి హానికరమైన కోడ్ కలిపారు. దాదాపు ఇరవై రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోకి ఆ రకం చేరింది. విండోస్‌లో ఉన్న ఏర్పాటు మన ఇళ్ళకు చాలు.

మధ్యలో ఒక మాట. 256 జీబీ అని కొన్న డిస్కు 238 అని చూపిస్తోందని కొందరు షాపువాడి మీద పోట్లాటకు దిగుతారు. పాపం అతని తప్పేం లేదు. తయారుచేసేవాళ్ళు వేయి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. డిస్కు అదే, కొలపాత్ర వేరు.

ఇక ఫోను. ఆండ్రాయిడ్ ఫోనులో ఏ యాప్ వివరాల్లోకి వెళ్ళినా క్లియర్ క్యాష్, క్లియర్ స్టోరేజ్ అని రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పోపుల పెట్టె. రెండోది జాడీలతో సహా గది మొత్తం. నొక్కితే ఆ యాప్ కొత్తగా పెట్టినట్టయిపోతుంది. ముందు కళ్ళజోడు పెట్టుకుని, చదివి మరీ నొక్కండి.

టెలిగ్రామ్ ఉన్న ఇళ్ళలో అసలు బరువు దానిదే. పిల్లలు చూసిన సినిమాలన్నీ ఫోనులో పేరుకుంటాయి. దాని సెట్టింగ్స్‌లో డేటా అండ్ స్టోరేజ్‌కి వెళ్ళి క్యాష్ తీసేస్తే మామూలు సంభాషణల్లోని బొమ్మలూ వీడియోలూ వాళ్ళ సర్వర్లలో ఉంటాయి గనుక కావాలంటే మళ్ళీ దించుకోవచ్చు. వాట్సాప్ అలా కాదు. మీ ఫోనుకు చేరిపోయిన ఫొటోను అది తన దగ్గర దాచి ఉంచదు. మీ ఫోనులో పోతే, పంపినవాళ్ళను మళ్ళీ అడగాల్సిందే. కాబట్టి అక్కడ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ తెరిచి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి అని విడిగా చూపించే వరుసతో మొదలుపెట్టండి. గుడ్ మార్నింగ్ పువ్వులూ, పండగ శుభాకాంక్షల వీడియోలూ చాలావరకు అక్కడే దొరుకుతాయి. మనవడి ఫొటోలు ఆ వరుసలో పడే అవకాశం తక్కువ. అయినా ఒకసారి పైనుంచి కిందిదాకా చూసుకుని తీయండి.