కోనలలో కాలిబాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



మహాభారతమున యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలో దారి యేది యను ప్రశ్న యొకటి కలదు. పెద్దలు నడచినదే దారి యని ధర్మరాజు బదులు పలికెను. అది ధర్మమునకు సంబంధించిన మాటయే. అయినను మట్టిమీది దారికిని అది చక్కగా వర్తించును. నడచువా రున్నంత కాలమే దారి దారిగా నుండును. నడక మానిన నాటినుండి గడ్డియు, ముండ్లపొదలును, ఇరుగుపొరుగు పొలముల నాగళ్లును దాని నాక్రమింపజొచ్చును. ఈ సత్యమును అనుభవమున నెఱిగి, పోయిన దారులను మరల వెదకుకొనుచున్న ఒక సీమ వృత్తాంతమే ఈ ఉపన్యాసమునకు విషయము. ఆ సీమ స్పెయిను దేశమున నున్నది. దాని పేరు ఆల్తో తాహో, అనగా ఎగువ తాహో.

తాహో ఆ ద్వీపకల్పమున కెల్ల మిక్కిలి పొడవైన నది. తెరువెల్ మండలపు కొండలలో చిన్న ఊటగా పుట్టి, వేయి కిలోమీటర్లకు మించి పడమరగా ప్రవహించి, పోర్చుగలు రాజధానియగు లిస్బను వద్ద అట్లాంటికు సముద్రమున గలియును. పుట్టిన కొంత దూరమునకే ఆ నది గ్వాదలహార, క్వెంక మండలముల సున్నపురాతి పీఠభూమిని నిలువునా కోసికొని పోయినది. పైన చూచిన కనుచూపు మేర బల్లపరుపు బీడు. నాలుగడుగులు ముందునకు వేసిన, కాలి క్రింద అగాధమైన కోన. దాని అడుగున పచ్చని నీరు, అంచులందు దేవదారు జాతి వృక్షములు, రాతిగోడలయందు రాబందుల గూళ్లు. గాయో యను ఉపనది ఎఱ్ఱని ఇసుకరాతిని దొలిచి మరియొక కోనను నిర్మించినది. ఆ ఎఱ్ఱగోడల పాదమున కన్య మరియమ్మ గుడి యొకటి కలదు. 2000 సంవత్సరమున రెండున్నర లక్షల ఎకరములకు మించిన ఈ ప్రదేశమును ప్రకృతి రక్షణ వనముగా ప్రకటించిరి.

చూచుటకు రమ్యమైనను, బ్రదుకుటకు కఠినమైన నేల యది. ఆ సీమకు ముఖ్యపట్టణమైన మొలీనా దె అరగోన్ నందు 1952 జనవరి 28వ తేదీన శీతము సున్నకు దిగువ 28 డిగ్రీలకు పోయినది. అట్టి చోట వ్యవసాయముపై మాత్రమే ఆధారపడి మనుట అసాధ్యము. కావున అచటి జనులు గొఱ్ఱెలను, అడవిని నమ్ముకొనిరి. ఆ రెండును నడకతో కూడిన బ్రదుకుతెరువులే. ఆ నడకవలననే అచట దారులు పుట్టినవి.

మొదట గొఱ్ఱెల దారిని గూర్చి. శరత్కాలమున కొండలపై గడ్డి మాడగానే కాపరులు మందలను దక్షిణమున వెచ్చని పచ్చికలకు తోలుకొని పోయెడివారు; వేసవి కాలము రాగానే మరల కొండలకు తెచ్చెడివారు. పోకకు కొన్ని వారములు, రాకకు కొన్ని వారములు. ఈ ప్రయాణములో పైరులకు నష్టము రాకుండుటకును, మందలకు ఆటంకము కలుగకుండుటకును దారుల వెడల్పు శాసనములచే నిర్ణయింపబడినది. 1273లో పదియవ అల్ఫాన్సో రాజు మెస్తా యను కాపరుల సంఘమునకు అధికార పత్రము నొసగెను. రాజమార్గమునకు వెడల్పు 90 వరలు, అనగా 75 మీటర్ల 22 సెంటీమీటర్లు. ఇంచుమించు 82 గజములు. దానికంటె చిన్నదానికి అందులో సగము. అంతకంటె చిన్నదానికి 20 మీటర్ల 89 సెంటీమీటర్లు. తెలుగు పల్లెలలో పుంతకు, డొంకకు, బండిబాటకు భేదము తెలిసినవారికి ఈ లెక్క విడ్డూరము కాదు. ఇట్టి దారులు ఆ దేశమంతట కలిసి లక్షా యిరువదియైదు వేల కిలోమీటర్లు కలవని గణించియున్నారు.

1836లో మెస్తా రద్దయినది. ఉన్ని వ్యాపారము క్షీణించినది. రైళ్లు వచ్చినవి, మందలు బండ్ల కెక్కినవి. నడచువారు లేని దారిని గట్టు ప్రక్క రైతు ఒక సాలు, మరుసటేడు మరియొక సాలు చొప్పున కలుపుకొనెను. కొన్నిచోట్ల తారురోడ్లు వేసిరి. కొన్నిచోట్ల ఇండ్లు లేచినవి. తుదకు 1995లో ప్రభుత్వము చట్టము చేసినది. ఆ చట్టము ప్రకారము ఈ దారులు ప్రజల సొత్తు. వీనిని అమ్మరాదు, జప్తు చేయరాదు, ఎన్నేండ్లు అనుభవించినను ఎవ్వరికిని స్వాధీనహక్కు కలుగదు. దారిని గుర్తించి, కొలిచి, హద్దురాళ్లు నాటవలెనని విధించిరి. పశువుల నడకకు భంగము లేని మేరకు పాదచారులును, గుఱ్ఱపురౌతులును వీనిని వాడుకొనవచ్చు ననియు నియమించిరి. భూమి లెక్కల మర్మ మెఱిగినవారు ఈ చట్టమును మెచ్చుకొనక తప్పదు. హద్దురాయి లేని పోరంబోకు ఎంతకాలము నిలుచునో ఎల్లరెఱిగినదే.

హక్కును కాపాడుకొనుటకు వారు చేయు ఒక వేడుక మిక్కిలి ముచ్చట గొలుపును. 1994 నుండి శరత్కాలమున గొఱ్ఱెలమంద మాద్రిద్ నగరపు నడిబొడ్డున రాజవీథుల వెంట నడచుచుండును. 1418లో నగరమునకును కాపరులకును కుదిరిన ఒడంబడిక ననుసరించి, వేయి గొఱ్ఱెలకు 50 మరవేదీల చొప్పున సుంకము చెల్లింతురు. ఆ నాణెములు చెలామణిలో లేక ఎంతకాలమో అయినది. అయినను సుంకము మానరు. సుంకము చెల్లించినవాడే దారి నాదియని చెప్పుకొనగలడు.

ఇక అడవిదారి. ఎగువ తాహో కొండలలో నరికిన దుంగలను నదిలో విడిచి, దిగువన నున్న అరంహ్వేస్ పట్టణము వరకు తేల్చుకొని పోయెడివారు. ఆ పని చేయువారిని గంచేరోలందురు. కొన యందు ఇనుప కొక్కెము గల పొడవైన కఱ్ఱయే వారి పనిముట్టు. దుంగలు రాళ్ల నడుమ చిక్కుకొన్నప్పుడు, ఎముకలు కొఱుకు చలినీటిలో దిగి, వానిని కదల్పవలెను. నెలల తరబడి ఒడ్డుననే వంట, ఒడ్డుననే నిద్ర. లారీలును ఆనకట్టలును వచ్చిన పిమ్మట ఆ వృత్తి అంతరించినది. హోసె లూయిస్ సంపేద్రో అను రచయిత 1961లో వారి జీవితమును నవలగా వ్రాసెను. ఆ గ్రంథము లేకున్నచో ఆ కొండల కావల గంచేరోల పేరు తెలిసినవా రరుదుగా నుండెడివారు. 1997 నుండి ఆ నదీతీర గ్రామములు కొన్ని కలిసి యేటేట గంచేరోల పండుగ జరుపుచున్నవి. దుంగలను తేల్చు విద్యను 2022లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చినది. స్పెయిను కాపరుల వలసనడకకు 2023లో అదే గౌరవము లభించినది.

ఈ దారులపై ఇప్పుడు నడచువారు పాదయాత్రికులు. నగరములలో గదులయందు కూర్చుండి పనిచేయువారు సెలవుదినములలో భుజమున సంచి తగిలించుకొని వత్తురు. వారు త్రోవ తప్పకుండుటకు చెట్లపైనను రాళ్లపైనను రంగుగీతలు వేసియున్నారు. తెలుపు ఎఱుపు గీతలున్న అది 50 కిలోమీటర్లకు మించిన దూరపుబాట. తెలుపు పసుపు గీతలున్న పది మొదలు ఏబది కిలోమీటర్ల బాట. తెలుపు ఆకుపచ్చ గీతలున్న పది కిలోమీటర్లకు లోబడిన ఊరిబాట. గీతలు ఒకదాని నొకటి ఖండించుకొన్నచో అటు పోరాదని అర్థము. చదువురాని వానికిని, పరదేశికిని తెలియు లిపి యిది. ఈ పద్ధతి ఫ్రాన్సులో 1947లో మొదలై, 1975లో కాటలోనియాలోని తివీసా గ్రామమున స్పెయినునందు ప్రవేశించినది. నేడు తాహో పుట్టిన ఊట మొదలు పోర్చుగలు సరిహద్దు వరకు నది వెంబడి బాట కలదు. సిద్ అను వీరుని ప్రాచీన కావ్యము ననుసరించి ఏర్పరచిన మరియొక బాట మొలీనా మీదుగా పోవును. ఆ కావ్యమున మొలీనా నేలిన ముసల్మాను ప్రభువు క్రైస్తవ వీరుడగు సిద్‌కు ప్రాణమిత్రుడు. అతని కుమార్తెలకు తన కోటలో ఆతిథ్య మిచ్చినవాడు. మేఘదూతమును చేతబట్టుకొని రామగిరినుండి ఉజ్జయినికి నడచినట్లు, అచటివారు తమ కావ్యమును చేతబట్టుకొని నడచుచున్నారు.

అయితే ఈ కథలో సంతోషము మాత్రమే కలదనుకొనరాదు. 1950 తరువాత ఆ సీమ యువజనులు మాద్రిద్, బార్సిలోనా, వలెన్సియా నగరములకు పనులకై తరలిపోయిరి. పిల్లలు లేక బడులు మూతపడినవి. మొలీనా సీమలో నేడు చదరపు కిలోమీటరునకు ఇద్దరు ముగ్గురు మనుష్యులు మాత్రమే కలరు. శీతకాలమున పొగ లేచు పొయ్యిలను వ్రేళ్లపై లెక్కింపదగిన ఊళ్లెన్నియో. పాదయాత్రికుడు వచ్చి ఒక పూట భోజనము చేసి, ఒక రాత్రి పరుండిపోయినచో ఒక పూటకూళ్లయిల్లు నిలుచును. కాని వెళ్లినవాడు మరలి రాడు. బడి మరల తెరువబడదు. బాట ఊరికి ఊపిరి పోయునే గాని, ప్రాయమును తిరిగి తేజాలదు.

పైగా వచ్చువా రందరును ఎఱుక గలవారు కారు. 2005 జులై 16వ తేదీన, రీబ దె సాయెలీసెస్ అను గ్రామము దాపున విహారమునకు వచ్చినవారు మాంసము కాల్చుకొనుటకు వేసిన నిప్పు అడవి నంటుకొన్నది. మరునాడు మంట లార్పబోయినవారిలో పదునొకండుగురు దగ్ధమైరి. ఇంచుమించు ముప్పదిరెండు వేల ఎకరముల అడవి బూడిద యయ్యెను. పూర్వము మేకలును గొఱ్ఱెలును మేసిన చోట్ల ఎండుగడ్డి మిగిలెడిది కాదు. వంటకై పుల్లలేరుకొనువా రుండెడివారు. ఊరు ఖాళీ యగుటతో అడవి నిండ ఇంధనము పేరుకొనెను. నిప్పు వేసినవాని అజాగ్రత్త యొకవంక, కాపరి లేని లోటు మరియొకవంక; రెండును కలిసి పదునొకండు ప్రాణములను గొనిపోయినవి.

కావున ఆ సీమనుండి గ్రహింపదగినది యిది: దారిని నిలుపుట కొకటి చాలదు, మూడు కావలెను. దస్తావేజులో దాని కొలత యుండవలెను. నేలపై దాని గుర్తు నిలువవలెను. వీనికి మించి, దానిపై మనుష్యుని అడుగు పడుచుండవలెను. మొదటి రెండును ప్రభుత్వము చేయగలదు. మూడవది ప్రజలే చేయవలెను.

గ్రంథాలయమునకును ఇదియే న్యాయము. పట్టికలో పేరెక్కి, బీరువాలో అట్ట చెడక నిలిచి, ఎవ్వరును తెరువని పుస్తకము గడ్డి మొలచిన పుంత వంటిది. ఈ ఇరువదియైదేండ్లు ఇచటి పుస్తకములపై పడిన వ్రేలిముద్రలే ఈ రజతోత్సవమునకు నిజమైన అలంకారము. చందాదారులారా! ఇంటికి పోవునప్పుడు ఒక్కొక్క పుస్తకము వెంట గొనిపొండు.

స్వస్తి.