పేటెంటు దరఖాస్తు వ్రాయు విధము



క్రొత్త యంత్రమును కనిపెట్టుట యొక విద్య. కనిపెట్టినదానిని కాగితముమీద పెట్టుట మఱియొక విద్య. మొదటి విద్యకు మన పల్లెలలో కొఱత లేదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున బుట్టిన చింతకింది మల్లేశము గారు, ఆసు పోయుటలో తల్లి పడు భుజముల నొప్పి చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసిరి. దానికి పేటెంటును పొందిరి. 2017లో పద్మశ్రీ పురస్కారము నందిరి. అయినను రెండవ విద్య లేమిచే మొదటిదాని ఫలమును పోగొట్టుకొనువారును గలరు. అట్టి నష్టము నొకదానికి నేనే కారణమైతిని. ఆ కథ ముందు చెప్పెదను.

మన దేశమున నిప్పుడు అమలులోనున్నది 1970 నాటి పేటెంటుల చట్టము. దాని 10వ సెక్షను ననుసరించి దరఖాస్తునకు ప్రాణము వివరణపత్రము. అందలి ముఖ్యాంగములు నాలుగు: శీర్షిక, వర్ణనము, హక్కు వాక్యములు, సంగ్రహము. అవసరమైనచో పటములును జేర్పవలెను.

శీర్షిక సాధారణముగా 15 మాటలకు మించరాదు. "అద్భుత యంత్రము" అన్నచో ఎవరికిని ఏమియు తెలియదు; "వేరుసెనగకాయలు ఒలుచు యంత్రము" అన్నచో చాలును.

వర్ణనములో, ఇంతవరకు ఆ పని యెట్లు జరుగుచున్నది, అందలి లోపమేమి, మీరు దానిని దేనిచే తొలగించితిరి అను మూడును వరుసగా చెప్పవలెను. పటములో 3 అని గుర్తించిన ఇరుసు వ్రాతలోను 3 గానే యుండవలెను. మీకు తెలిసినవానిలో ఉత్తమమైన పద్ధతిని దాపఱికము లేక వెల్లడింపవలెను. ఇది ప్రభుత్వముతో మీరు చేసికొను ఒడంబడిక వంటిది: మీరు రహస్యమును లోకమున కిత్తురు, అందులకు బదులుగా, దరఖాస్తు దాఖలైన నాటినుండి 20 ఏండ్లవఱకు మీకు ప్రత్యేకహక్కు. దాచినవాని హక్కు రద్దుకావచ్చును.

ఇక హక్కు వాక్యములు. వీనినే క్లెయిములందురు. భూమి దస్తావేజులో చెక్కుబందీ యెట్టిదో, పేటెంటులో నివి యట్టివి. వర్ణనమున ఎంత వ్రాసినను, మీ సొత్తు ఈ హద్దులలోనిదే.

కొన్నేండ్ల క్రిందట నొక వృద్ధుడగు కమ్మరి నాయొద్దకు వచ్చెను. ఆయన వేరుసెనగకాయలు ఒలుచు యంత్రములో, కాయలు రాపాడు పలకకు తోలు తొడిగి, పప్పు చిట్లకుండ జేసెను. నేనా దరఖాస్తును వ్రాయుచు, మొదటి హక్కు వాక్యముననే "తోలు తొడిగిన పలక" యని వ్రాసితిని. పేటెంటు వచ్చినది. మరుసటి యేడు వేఱొకరు తోలునకు మాఱు రబ్బరు తొడిగి, అట్టి యంత్రమునే సంతలో నమ్మజొచ్చిరి. వకీలు మా కాగితమును జూచి, ఈ వాక్యముతో వ్యాజ్యము నిలుచుట కష్టమనెను. హద్దును విస్తరించి దిద్దుదమన్న, 59వ సెక్షను అందుల కంగీకరింపదు. ఆ పెద్దాయన నన్ను నిందింపలేదు. "అయ్యా, తోలు మా తాతలనాటిది. నేను కనిపెట్టింది మెత్తన గదా!" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. ఆయనకు తెలిసినది నే నడుగలేదు. నాకు కనబడినది మాత్రమే వ్రాసితిని.

మొదటి వాక్యము "కాయలు రాపాడు పలకపై, పప్పు చిట్లకుండ అణగునట్టి మెత్తని పొర" అని యుండవలసినది. రెండవ వాక్యమున "ఆ పొర తోలుది", మూడవదానిలో "రబ్బరుది" అని క్రమముగా కుదింపవలసినది. ఏది తీసివేసినచో యంత్రము పనిచేయదో అదియే మొదటి వాక్యమున నుండవలెను.

అట్లని ఊరుమ్మడి బంజరును గూడ మన హద్దులో కలుపుకొనరాదు. పసుపు గాయములను మాన్పునని 1995లో అమెరికాలో నొక పేటెంటు నిచ్చిరి. అది భారతీయులు తరతరములుగా నెఱిగినదే యని మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి వాదింపగా, 1997లో రద్దయ్యెను.

సంగ్రహము సాధారణముగా 150 మాటలలోపల, వెదకువారికి వెంటనే విషయము దెలియునట్లు వ్రాసిన చాలును.

కడపటి మాట. దరఖాస్తు దాఖలగువఱకు యంత్రమును సంతలో నమ్మకుడు, పదిమందిలో ప్రదర్శింపకుడు. పని పూర్తికానిచో ముందు తాత్కాలిక వివరణపత్రమును దాఖలు చేయవచ్చును. దానికి హక్కు వాక్యములు అక్కఱలేదు. పండ్రెండు నెలలలోగా సంపూర్ణ వివరణపత్రము నీయవలెను. ఆ గడువులో కలము పట్టినవాడు, సుత్తి పట్టినవానియొద్ద కూర్చుండి, "ఇందులో నీవు కనిపెట్టినది ఏది?" యని ఒకటికి పదిమారులు అడుగవలెను. నేను ఒక్కమారైనను అడిగియుండవలసినది.