జీలుగు కల్లు, జూనిపర్ కాయ
(అండమాన్‌లోని గోల్ ఘర్‌లో రంప ఖైదీల స్మృతిలో చేసిన ఉపన్యాసం)



1879 నాటి రంప పితూరీ ఖైదీలను తలచుకునే సభలో జిన్ను గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నొసలు చిట్లించారు. కానీ ఆ మనుషులు ఈ దీవులకు రావడానికి కారణాల్లో పెద్దది వాళ్ళు తాగే కల్లు మీద పడ్డ పన్ను. జిన్ను కథలోనూ అలాంటి పన్నే ఉంది. అందుకే ఆ కథను ఇక్కడే చెప్పాలనిపించింది.

జిన్నుకు పుట్టిల్లు హాలెండు. అక్కడి జెనీవర్‌కు ఆ పేరు జూనిపర్ కాయ వల్ల వచ్చింది. 1688లో డచ్చి విలియం ఇంగ్లండు గద్దె వైపు కదిలాక, లండన్ పేటల్లో అది పేదవాడి తాగుడైంది. 1736లో పార్లమెంటు చట్టం చేసింది: చిల్లరగా అమ్మాలంటే ఏడాదికి 50 పౌన్ల లైసెన్సు, గాలనుకు 20 షిల్లింగుల సుంకం. జనం తిరగబడ్డారు, దొంగచాటు అమ్మకాలు సాగాయి. 1743లో ఆ చట్టాన్ని రద్దుచేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

నాటుసారా బట్టీని ఎరిగినవాళ్ళకు జిన్ను తయారీ కొత్త కాదు. ధాన్యం నుంచో మొలాసిస్ నుంచో తీసిన, రుచీ వాసనా లేని స్పిరిట్‌లో నీళ్ళు కలుపుతారు. అందులో జూనిపర్ కాయలు, ధనియాలు, ఏంజెలికా వేరు, నారింజ తొక్క నానబెట్టి రాగిపాత్రలో మళ్ళీ కాస్తారు. ముందు దిగే ఘాటు చుక్కలనూ, చివర దిగే మురుగువాసన చుక్కలనూ పక్కన పెట్టేసి, నడుమ దిగినదాన్నే జిన్నుగా తీసుకుంటారు. జూనిపర్‌ను మన ఆయుర్వేదం హపుష అంటుంది. గోవాలో హిమాలయపు జూనిపర్‌తో కాచే ఒక జిన్నుకు ‘హపుసా’ అనే పేరు పెట్టారు. ఇంటికెళ్ళాక ఒక ధనియాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూడండి. చారుపొడి గుర్తుకు రాకముందే నిమ్మతొక్క పరిమళం తగులుతుంది. జిన్నులో జూనిపర్ తర్వాత పెద్దపీట ఆ ధనియాలదే.

ఇక దీని తోడు, టానిక్. 1820లో పారిస్‌లో పెల్లిటియే, కావంటూ సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ టానిక్ నీళ్ళకు పేటెంటు తీసుకున్నాడు. అదే 1858 మార్చిలో ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టడానికి డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఈ రేవులో దిగాడు. ఆ రెండు సంగతులకూ సంబంధం లేదు. అయినా ఆ ఏడాది అంకె చూసినప్పుడల్లా నా మనసు ఆగిపోతుంది. మలేరియాకు మందుగానే జిన్ను-టానిక్ పుట్టిందని అందరూ చెబుతారు గానీ, 1868 నాటి ‘ఓరియంటల్ స్పోర్టింగ్ మాగజైన్’లో అది గుర్రప్పందాల దగ్గర అడిగి తాగే పానీయంగా కనిపిస్తుంది. అమెరికాలో నేటి టానిక్‌లో లీటరుకు 83 మిల్లీగ్రాములకు మించి క్వినైన్ ఉండకూడదు. దానితో జ్వరం తగ్గదు. 

ఇప్పుడు రంపకు వద్దాం. గోదావరి ఏజెన్సీలోని ఆ కొండల్లో జీలుగు చెట్టు ఇంటి సొత్తు. దాని కల్లు మీద, అక్కడ ఏలే మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వపు కొత్త అబ్కారీ పద్ధతి వచ్చి, ఇంటికోసం గీసుకున్న కల్లుకూ గుత్తేదారుకు కట్టాలన్నారు. 1879 మార్చిలో కొండలు భగ్గుమన్నాయి. కారం తమ్మన్నదొర వంటివాళ్ళు పోలీసు ఠాణాల మీద పడ్డారు. పటాలాలు దిగి అణచివేశాక, పట్టుబడ్డ చాలామందిని అండమాన్‌కు పంపారు. లండన్ తిరగబడితే చట్టం పోయింది. రంప తిరగబడితే మనుషులు పోయారు. వాళ్ళను దించిన ఈ రేవుకు ఎదురుగా, అప్పట్లో రాస్ దీవి అనే దీవిలో దొరలకు నాట్యశాల ఉండేది, టెన్నిస్ కోర్టు ఉండేది. ఆ శిథిలాలను మర్రి ఊడలు ఇప్పటికీ పట్టుకుని ఉన్నాయి.

జిన్ను ఎలా ఇవ్వాలని అడిగారు కనుక చెబుతాను. పొడుగాటి గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు వేయండి. మన ఉక్కలో కొద్దిపాటి ఐసు నీరై రుచిని పలచన చేస్తుంది. ఒక పాలు జిన్నుకు రెండు, మూడు పాళ్ళు అప్పుడే మూత తీసిన చల్లటి టానిక్‌ను గ్లాసు అంచున పోసి, ఒక్కసారే కలిపి, నిమ్మచెక్క పిండండి.

జీలుగు కల్లుకు ఇవేవీ అక్కర్లేదు. పొద్దున్నే చెట్టు మీంచి దించి, పులవకముందే సొరబుర్రతో వంచి, ముందు పెద్దవాళ్ళకు పోస్తారు.